పంటకు ముందే రాసిన పన్నెండు మూటలు

మొగుని పేరు నోటితో పలకకూడదని మా అత్త నాకు నేర్పింది. ఆ అత్త పోయి శానా ఏండ్లయింది, ఆ మొగుడూ పోయినాడు, ఇంక నాకు ఎవరి భయం. జయరామప్ప, బి.ఎ. పావగడలో మెట్ట సేద్యం యోజన ఆఫీసులో పబ్లికేషన్ ఆఫీసరు, పార్ట్ టైం. ఈ చివరి మాటను ఆయన ఎప్పుడూ గొంతు తగ్గించి చెప్తా ఉండె. నేను గట్టిగానే చెప్తా. మా బతుకంతా ఆ మాట కిందనే నలిగింది.

పొద్దున పదికి పోయి మధ్యాహ్నం రెండుకు ఇంటికి రావల్ల, పార్ట్ టైం అంటే అదీ. అది కాగితం మీద. జీపు పల్లెకు పోయిందంటే పొద్దు మునిగేదాకా మనిషి రాడు. టీ అంగడి బోరయ్య ఎగతాళి చేస్తా ఉండె, "ఏమప్పా జయరామప్పా, ఇప్పుడు నువ్వు ఆఫీసరువా, మామూలు మనిషివా? టైం చూసి చెప్పు, దాన్ని బట్టి కుర్చీ తుడుస్తా" అని. ఆయన నవ్వి ఊరుకుంటా ఉండె. నాకు మాత్రం కడుపు మండుతా ఉండె.

ఆర్డరు సంగతి ఇంకో పెద్ద రామాయణం. ఎనభై తొమ్మిది దినాలకు ఒక ఆర్డరు ఇస్తారు. తొంబై నిండితే పర్మనెంటు చేయమని కోర్టుకు ఎక్కుతాడేమోనని వాళ్ళ భయం. అందుకని తొంబయ్యో దినం ఇంట్లో కూర్చోబెడతారు. దాన్ని బ్రేకు అంటారు. మర్నాడు మళ్ళా కొత్త ఆర్డరు, కొత్త ఎనభై తొమ్మిది. ఆ బ్రేకు దినం ఆయన గడప దాటడు. మంచం నులక బిగించుకుంటా, పెన్నులు కడుక్కుంటా కూర్చుంటాడు. ఎవరైనా వచ్చి "ఈ పొద్దు ఆఫీసు లేదా?" అంటే "రవ్వంత జరమొచ్చింది" అంటాడు. ఆరేండ్లలో ఆయనకు ఎన్ని జరాలు వచ్చినాయో నాకే తెలుసు.

పనిలో మాత్రం వంక పెట్టే పని లేదు. నాగలమడిక పక్కన రైతు బిడ్డ, ఏటి ఇసకలో చెలమ తోడుకొని నీళ్ళు తాగి పెరిగినోడు. యోజన ఆఫీసు నెలనెలా ఒక పత్రిక వేస్తా ఉండె, పేరు ‘హొలద మాతు’, అంటే చేని మాట. ఎనిమిది పేజీలు, అంతా కన్నడం. మా పల్లెల్లో ఇంటి మాట తెలుగు, బడి మాట, కచేరి మాట కన్నడం. పత్రిక వచ్చినా చదివేవాళ్ళు ఊరికి నలుగురుండరు. ఈయన కన్నడంలో రాసేదీ రాసి, మళ్ళా తానే ఊరూరికీ పోయి అరుగు మీద కూర్చొని తెలుగులో చదివి వినిపిస్తా ఉండె. విత్తనాలకు మందు ఎట్ల పట్టించల్ల, ఆకుమచ్చ వస్తే ఏం చల్లల్ల, శెనక్కాయ పూత ఊడలై నేలలోకి దిగేటప్పుడు చేన్లోకి ఎందుకు పోకూడదు, అన్నీ. ముసలోళ్ళు అడ్డం వచ్చి "అట్ల కాదు నాయనా, మేం ఇట్ల చేస్తాం" అంటే, అది కూడా రాసుకొని వచ్చే నెల వాళ్ళ పేరుతోనే వేస్తా ఉండె. అందుకని ఆయనంటే పల్లెల్లో బో ఇష్టం. నాకూ గర్వమే. అబద్ధమెందుకు, శానా గర్వం.

ఆ పత్రిక పనికి ముగ్గురే మనుషులు. ఆఫీసు పెద్దను అందరూ సాహేబ్రు అంటారు, ఆయన పర్మనెంటు. ఫోటోలు తీసే చిన్నరంగప్ప, ఆయనా పర్మనెంటే. రాసేది, దిద్దేది, ప్రెస్సుకు మోసుకొనిపోయేది, మళ్ళా కట్టలు మోసుకొచ్చేది ఈయన, ఈయనొక్కడే పార్ట్ టైం.

ఇంక అసలు సంగతికి వస్తా. నవంబరు ఒకటో తేదీ రాజ్యోత్సవం, అంటే కన్నడ రాష్ట్రం ఏర్పడిన దినం. ఆ దినానికి పత్రిక స్పెషలు వేయల్ల, అది పెద్దోళ్ళ చేతుల్లో పెట్టల్ల. ఫోటోకు బ్లాకు బెంగళూరులో చేయించల్ల, అచ్చు తుంకూరులో కావల్ల. రెండు నెలలు పడుతుంది. శెనక్కాయ పెరికేది ఎప్పుడు? అక్టోబరు కడాన, నవంబరులో. అంటే ఏమి, ఏ రైతుకు ఎకరాకు ఎన్ని మూటలైనాయో సెప్టెంబరులోనే రాసేయల్ల. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అదీ ఆ ఆఫీసు పద్ధతి. చేను చూసి ఒక అంచనా వేస్తారు, దానికి రెండు మూటలు కలుపుతారు, "అయింది" అని రాస్తారు. అందరికీ తెలిసిన పద్ధతే, అందులో దాపరికం ఏమీ లేదు. రెండు మూడేండ్లు ఎట్లనో గడిచిపోయింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అది ఎనభై ఆరో సంవత్సరం. ఆ ఏడు మొదటి వానలు మంచిగా పడినాయి. అందరూ పదునుకు విత్తినారు, సెప్టెంబరుకు ఎక్కడ చూసినా పచ్చగా ఉండె. సాహేబ్రు ఈయన్ను పిలిచి, "ఈసారి మొదటి పేజీకి ఒక మాదిరి రైతు కావల్ల. జీపు ఒక్క దినమే ఉంటుంది. ఎవరుండారు చూడు" అన్నాడు. ఈయన ఇంటికి వచ్చి నన్ను అడిగినాడు, "మీ ఎర్రిస్వామిని వేస్తే ఎట్లుంటుంది?" అని.

ఎర్రిస్వామి నా తమ్ముడు. మంగళవాడకు రెండు మైళ్ళ దూరంలో మా పుట్టినూరు. అయిదెకరాల మెట్ట, ఒక జత ఎద్దులు, పెండ్లాం ఓబక్క, ముసలి అమ్మ. నలుగురిలో నోరు విప్పని మనిషి. వాని ఫోటో పత్రికలో, అదీ మొదటి పేజీలో అంటే నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. "అడిగేదేముండాది, నేను కూడా వస్తా" అని నేనే ముందు జీపెక్కినాను.

చేను నిజంగానే బాగుండె, మోకాటి ఎత్తు లేచింది. ఈయన తెల్లచొక్కా తొడుక్కొని ఎర్రిస్వామి సిగ్గుపడతా నిలబడినాడు. చిన్నరంగప్ప ఒక చెట్టు పెరికించినాడు, కాయలు చూపించల్ల కదా. చూస్తే ఊడలు దిగినాయి గానీ కాయ పట్టలేదు. ఇంకో చెట్టు పెరికినారు, అంతే. విత్తింది జూలైలో, కాయ అప్పుడే యాడనుంచి వస్తుంది.

"ఇట్ల అయితే ఫోటో ఏముంటాది, వేర్లు చూపించల్లనా?" అన్నాడు చిన్నరంగప్ప.

దానికి దారి చూపించింది నేను. ఎందుకు దాచేది. ఓబక్క విత్తనానికి దాచిన కాయలు నాలుగు దోసిళ్ళు తెప్పించినాను. నీళ్ళలో నానబెట్టినాను. పూలు కట్టే దారంతో ఒక్కొక్క ఊడకూ ఒక్కొక్క కాయ ముడేసినాను. "ఫోటోలో రంగుండదు కదప్పా, ఎండు కాయో పచ్చి కాయో ఎవరికి తెలుస్తుంది" అని నేనే అంటిని. ఓబక్క కొంగు నోట్లో పెట్టుకొని నవ్వింది. చుట్టూ చేరిన ఊరోళ్ళంతా నవ్వినారు. "మీ అక్క చేతిలో అయితే శెనక్కాయ కూడా మూర లెక్కన కాస్తాది" అని బైలప్ప తమాషా చేసినాడు. బైలప్పది పక్క చేను. ఆ దినం అందరం బాగా నవ్వుకున్నాం.

ఈయన ఎకరాకు ఎనిమిది మూటలని రాసినాడు. అది కూడా ఎక్కువేనని అనుకుంటానే రాసినాడు. సాహేబ్రు ఎర్ర పెన్నుతో ఎనిమిదిని పన్నెండు చేసినాడు. కింద ఇంకో వాక్యం చేర్చినాడు, ‘యోజన పుణ్యమా అని ఈ ఊరిలో ప్రతి రైతుకూ ఇదే దిగుబడి, కరువు అనే మాటను ఇక్కడ మరిచిపోయినారు’ అని. ఈయన ఆ కాగితం ఇంటికి తెచ్చి పదిసార్లు చూసుకున్నాడు. "ఊరంతా అంటే ఎట్ల యశోదా, ఒక చేను కదా మనం చూసింది" అన్నాడు. "రాసింది సాహేబ్రు, నీకేం పోయింది" అంటిని. పొద్దున్నే తీసుకుపోయి ప్రెస్సుకు ఇచ్చినాడు.

ఆ తర్వాత వాన లేదు. చుక్క లేదు. ఊడలు దిగిన నేల ఇటుక మాదిరి గట్టి పడిపోయింది, కాయ ఎట్ల పట్టల్ల. అక్టోబరు వచ్చేసరికి చేలన్నీ గడ్డకట్టి ఎండినాయి. పెరికితే చెట్టు తెగి చేతికొస్తుంది, కాయ లోపలనే. గుద్దలితో తవ్వితే అంతా లొట్ట. అయిదెకరాలకు ఎర్రిస్వామికి రెండు మూటలు రాలేదు. అందులో విత్తనానికి పనికొచ్చేవి ఒక చేట కూడా లేవు. శెనక్కాయ కట్టె అయినా మిగిలితే ఎద్దులకు ఆధారం, అది కూడా ఆకు రాలి పుల్లలే మిగిలినాయి.

సరిగ్గా అప్పుడు పత్రిక వచ్చింది. మొదటి పేజీలో మా ఎర్రిస్వామి నేను ముడేసిన కాయలు పట్టుకొని నవ్వుతా ఉండాడు.

డిసెంబరులో కరువు పట్టీ తయారు చేస్తా ఉండారని తెలిసింది. ఏ ఊరి పేరు ఆ పట్టీలో ఉంటే ఆ ఊరికి గడ్డి డిపో వస్తుంది, ముందు ఏటికి విత్తనాలు వస్తాయి, పని దొరుకుతుంది. పేరు లేదంటే ఏమీ లేదు. పైరు కోసి తూకమేసి చూసేవాళ్ళు ఆ ఏడు మా పుట్టినూరికి రానేలేదు. ఊరోళ్ళు కచేరికి పోయి అడిగితే, "మీ ఊరి సంగతి పత్రికలోనే ఉండాది కదా, పన్నెండు మూటలు, కరువు మరిచిపోయినారని. ఇంకేం చూసేది?" అన్నారంట. ఫైల్లో పత్రిక కుట్టి పెట్టుకున్నారు. చుట్టూ ఉండే అన్ని ఊర్లూ పట్టీలో పడినాయి. మా ఊరు ఒక్కటే పడలేదు.

ఎర్రిస్వామి మా ఇంటికి వచ్చినాడు. నీళ్ళిస్తే తాగలేదు, గోడ పట్టుకొని నిలబడినాడు.

"ఊళ్ళో నన్ను మొగం మీదనే అంటా ఉండారక్కా. ఫోటోకు నిలబడి మా నోట్లో మన్ను కొట్టినావని. బైలప్ప మామ నాతో మాట నిలిపేసినాడు" అన్నాడు. తర్వాత ఈయన పక్క తిరిగినాడు. "బావా, అది పంట రాకముందే రాసిందని ఒక్క మాట చెప్పు. నీవు చెప్తే నమ్ముతారు. రాసినోడివి నీవే కదా. నాకు గింజ వద్దు, పని వద్దు. గడ్డి డిపో వస్తే సాలు. ఎద్దులు నిలబడల్ల."

ఈయన నా మొగం చూసినాడు. ఎందుకో చెప్తా. ఆ నెలలోనే పార్ట్ టైం వాళ్ళను పర్మనెంటు చేసే పట్టీ ఒకటి బెంగళూరికి పోయింది. అందులో ఈయన పేరుండాదని సాహేబ్రే చెప్పినాడు, "నోరు అదుపులో పెట్టుకుంటే ఉగాదికి పర్మనెంటు" అని కూడా చెప్పినాడు. ఆరేండ్లు ఆ మాట కోసం కాచుకున్న మనిషి. ఇంట్లో ఇద్దరు పిల్లోళ్ళు. పొలంలో వాటా అన్నదమ్ములే అనుభవిస్తా ఉండారు. ఇటు నా తమ్ముడు, అటు నా సంసారం, ముందు నుయ్యి వెనక గొయ్యి.

"చూద్దాంలేప్పా" అని నేనే అంటిని. ఈయన నోరు తెరవకముందే అంటిని. తమ్ముడు బస్సుకు పోయినాడు.

పదైదు దినాలు అట్లనే నెట్టినాం. సంక్రాంతికి ముందు నేను పుట్టినూరికి పోయి చూసినాను. కొట్టంలో ఎద్దులు డొక్కలు లెక్కపెట్టేట్టు ఉండాయి. ఓబక్క ఇంటి పైకప్పు బోద పీకి వాటికి వేస్తా ఉండె. నన్ను చూసి "రా వదినా" అనింది, మళ్ళా బోద పీకుకుంటా పోయింది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టింటే నాకు బాగుండు. ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా ఈయనతో అంటిని, "పోయి చెప్పు. పర్మనెంటు మన్నయిపోనీ" అని.

ఆయన అప్పటికే మనసులో అనుకున్నాడు. "ఇరవై రెండో తేదీ ఐబీ బంగళాలో కరువు కమిటీ ఆఖరి సభ. అభ్యంతరాలు ఏమన్నా ఉంటే ఆ దినమే వింటారు" అన్నాడు. క్యాలెండరు తీసి చూసినాడు. చూసి ఆయన మొగం వెలిగిపోయింది. "యశోదా, ఆ దినం నాకు బ్రేకు" అన్నాడు.

ఆయన లెక్క ఏందంటే, డ్యూటీలో ఉండే మనిషి ఆఫీసు పత్రికకు వ్యతిరేకంగా నోరు తెరిస్తే తప్పు. బ్రేకు దినం ఆయన ఎవరి కిందా లేడు. ఏం చెప్పినా ఎవరూ మెమో ఇయ్యలేరు. అటు నిజం చెప్పినట్టూ ఉంటుంది, ఇటు ఉద్యోగం పోకుండానూ ఉంటుంది. ఆరేండ్లు సిగ్గుపడి ఇంట్లో దాక్కున్న దినం, ఇప్పుడు దేవుడిచ్చిన దినం అయింది. నాకూ అది సరే అనిపించింది. అంత చదివినోడికీ తెలీలేదు, నాకెట్ల తెలుస్తుంది.

ఆ దినం ఉతికిన పంచె కట్టుకొని పోయినాడు. నేనూ పోయినాను. ఎర్రిస్వామి, బైలప్ప, ఊరోళ్ళు ముప్పై మంది ఐబీ వసారాలో కూర్చున్నారు. లోపల పెద్ద బల్ల. కమిటీ పెద్ద ఎవరో పైనుంచి వచ్చినాడు, ఆయన పేరు నాకు తెలీదు. పక్కన మా సాహేబ్రు. అంతా కన్నడంలోనే నడిచింది, నేను మన మాటలో చెప్తా ఉండా.

మా ఊరి పేరు వచ్చినప్పుడు ఈయన లేచి నిలబడినాడు. "అయ్యా, ఆ పత్రికలో వచ్చింది రాసింది నేను. సెప్టెంబరులో రాసినాను, అప్పటికి పంటే లేదు. ఫోటోలో కాయలు దారంతో ముడేసినవి. ఆ ఊరిలో ఎవరికీ ఎకరాకు అర మూట కూడా రాలేదు. నేను రాసింది తప్పు. దయచేసి దాన్ని పక్కన పెట్టి ఊరికి పోయి చూడండి" అన్నాడు. వసారాలో అందరూ లేచి నిలబడినారు. బైలప్ప నా పక్క చూసి తల ఊపినాడు. నాకు ఏడుపొచ్చింది. పద్నాలుగేండ్ల కాపురంలో ఆ ఒక్క నిమిషం నా మొగుడు పూర్తి ఆఫీసరు మాదిరి కనిపించినాడు.

కమిటీ పెద్ద కళ్ళద్దాలు తీసి సాహేబ్రును అడిగినాడు, "ఈయన ఎవరు? మీ ఆఫీసు మనిషేనా?"

సాహేబ్రు తొణకలేదు, బెణకలేదు. "పార్ట్ టైం సార్. ఈ పొద్దు అది కూడా కాదు. నిన్నటితో ఆర్డరు అయిపోయింది. ఈ సభకు ఈయనకూ ఏ సంబంధమూ లేదు" అన్నాడు.

"అయితే ఏ హోదాలో మాట్లాడతా ఉండారు మీరు? ఆ ఊరి రైతా?" అని ఈయన్ను అడిగినాడు పెద్దాయన.

"కాదయ్యా. రాసినోణ్ణి" అన్నాడు ఈయన.

"పత్రిక సర్కారుది. సర్కారు పత్రికలో తప్పుంటే ఆ ఆఫీసరు చెప్పల్ల. సాహేబ్రే, మీ పత్రికలో తప్పుందా?"

"లేదు సార్" అన్నాడు సాహేబ్రు.

"కూర్చోప్పా" అన్నాడు పెద్దాయన ఈయనతో, విసుక్కోకుండా, మర్యాదగానే. పక్కనున్న గుమాస్తా కలం ఎత్తి పెట్టుకున్నాడు గానీ ఏమీ రాయలేదు. ఇంకో ఊరి పేరు పిలిచినారు.

అబద్ధం రాసినప్పుడు ఆయన సర్కారు. నిజం చెప్పినప్పుడు ఎవరూ కాదు. ఇంత జరిగినాక కూడా ఆయన ఇంటికి వచ్చి, "వాళ్ళ రూలు వాళ్ళది, ఏం చేస్తారు" అన్నాడు. నేను చెంబు విసిరికొట్టినాను.

ఆయన్ను తీసేయలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడని సంగతి. మర్నాడు పదికి పోతే కొత్త ఆర్డరు బల్ల మీద పెట్టుండె. సాహేబ్రు ఒక్క మాట అనలేదంట, టీ కూడా తెప్పించినాడంట. ఇంక ఊరోళ్ళు ఊరుకోలేదు. ఎర్రిస్వామి, బైలప్ప మళ్ళా కలిసి పైకి ఒక అర్జీ పెట్టినారు, సభలో మా అభ్యంతరం రాసుకోలేదు, మళ్ళా వినండి అని. ఊరంతా వేలిముద్రలు వేసింది. ఆ అర్జీ సంగతి ఎర్రిస్వామి నాకు చెప్పే పోయినాడు. "ఇదొక్కటే ఉండాదక్కా ఇంక. ఎద్దులు ఇంకో నెల నిలబడితే సాలు" అన్నాడు.

ఫిబ్రవరి పత్రిక పని మొదలైంది. సాహేబ్రు ఈయన చేతికి ఒక కాగితం ఇచ్చినాడు, కరువు కమిటీ సభ వార్త రాసి తెమ్మని. ఏమేం రావల్లనో కింద వరసగా రాసిచ్చినాడు. కడాపటి వాక్యం, ‘ఏ ఊరి నుంచీ ఏ అభ్యంతరమూ రాలేదు’.

ఆదివారం పొద్దున. ఆయన అన్నం కూడా ముట్టకుండా కాగితం ముందర పెట్టుకొని కూర్చున్నాడు. పైనంతా రాసినాడు. ఆ వాక్యం దగ్గరికి వచ్చి ఆగిపోయినాడు. పెన్ను మూత పెడతాడు, తీస్తాడు. నేను పొయ్యి దగ్గర ముద్ద కెలుకుతా ఉండా. లేచి వచ్చి గడపలో నిలబడినాడు.

"ఇది రాస్తే వాళ్ళ అర్జీ నిలబడదు యశోదా. పత్రికలో చూపించి కొట్టేస్తారు" అన్నాడు. "రాయకుంటే ఈ నెలతో నన్ను తీసేస్తారు. సాహేబ్రు నవ్వుకుంటానే చెప్పినాడు. ఏం చేయమంటావు? నీ తమ్ముడు, నీవే చెప్పు."

నాకు కోపమొచ్చింది. వాళ్ళ మీద రావల్సిన కోపం ఈయన మీద వచ్చింది. నిజం చెప్పే దినం చెప్పి చూసినావు కదా, ఏమైంది, ఎవరు విన్నారు, ఉన్న సగం ఉద్యోగం కూడా పోగొట్టుకొని పిల్లోళ్ళకు నీ నిజాన్ని పులుసు పెట్టమంటావా అని నోటికొచ్చినట్టు అంటిని. పర్మనెంటు ఆర్డరు ఉగాదికి వస్తుందని నాకు ఇంకా ఆశ. ఓబక్క పీకిన బోద కళ్ళముందరే ఉండె, అయినా అంటిని.

"రాయి" అంటిని.

ఆయన పోయి కూర్చొని రాసినాడు. ఒక్క వాక్యమే కదా, ఎంత సేపు. రాసినాక చేయి కడుక్కొని వచ్చి అన్నానికి కూర్చున్నాడు.

పత్రిక అచ్చయింది. అర్జీ వెనక్కి వచ్చింది, దాని మీద పత్రికలో ఆ ముక్క కత్తిరించి అతికించుండె. మా పుట్టినూరికి గడ్డి రాలేదు. మార్చిలో ఎర్రిస్వామి ఎద్దుల్ని హిందూపురం సంతకు తోలుకొనిపోయి కసాయి బేరగాళ్ళకు అప్పజెప్పి, పలుపులు భుజం మీద వేసుకొని నడుచుకుంటా వచ్చినాడంట. ఆ ఏడునుంచి కూలికి పోయినాడు. ఉగాది వచ్చింది, పోయింది. పర్మనెంటు పట్టీలో ఈయన పేరు లేదు. ఇంకో ఆరేండ్లు ఎనభై తొమ్మిది, ఎనభై తొమ్మిది అని ఆర్డర్లు ఇచ్చి, తొంబై మూడులో యోజన మూసేసినారు. పత్రికలు చదివి వినిపించడానికి ఆయన మళ్ళా మా పుట్టినూరికి మాత్రం పోలేదు. తొంబై ఆరులో గుండె నొప్పి వచ్చి పోయినాడు.

ఎర్రిస్వామి ఆ పదేండ్లూ బావతో మాట్లాడలేదు. ఎదురైతే దారి మార్చుకుంటా ఉండె. నా దగ్గరికి మాత్రం వస్తా ఉండె, ఆయన ఇంట్లో లేని టైం చూసుకొని. ఆయన పోయిన దినం వచ్చి, అంతా అయినాక నా పక్కన కూర్చున్నాడు. "సభలో చెప్పినప్పుడు బావ కాళ్ళు మొక్కాలనిపించింది అక్కా" అన్నాడు. "మళ్ళా అదే చేత్తో ఆ ఒక్క మాట ఎట్ల రాసినాడో నాకు ఇప్పటికీ తెలీదు. నీవు పక్కన ఉండి కూడా ఆపలేకపోయినావు, నీవేం చేస్తావులే" అని నా చేయి పట్టుకున్నాడు.

రాయమనింది నేనే అని ఆయన పదేండ్లలో ఒక్కనాడు కూడా వానితో చెప్పలేదు. ఆ దినం నేనూ చెప్పలేదు. నా తమ్ముడు ఇప్పటికీ వారానికొకసారి వచ్చి నన్ను చూసిపోతాడు.